విత్తనపు కుండకు సుగంధ తైలముల కాపుదల

మాఘ ఫాల్గుణ మాసములలో, వరి కోసిన మాగాణులనుండి పెసర, మినుము పంటలు ఇంటికి వచ్చును. అమ్మకమునకు పోవలసినవి పోగా, మరుసటి సంవత్సరపు విత్తనమునకని ఇల్లాలు పది పదునైదు కిలోల గింజలను ఏరి, ఎండబోసి, కుండలోనో రేకుడబ్బాలోనో పోసి, మూతికి గుడ్డ కట్టి అటకమీద పెట్టును. ఈ విత్తనము మరల చేనికి పోవునది కార్తీక మార్గశిరములలో. నడుమ ఎనిమిది తొమ్మిది నెలలు గడచును. అందులో వానకాలమంతయు ఇమిడియున్నది.

కార్తీకమున మూత విప్పి చేయి పెట్టగా, గింజలకు మారు పిండియు, గుండ్రని తూట్లు పడిన పొట్టును, చేతిమీదికి ప్రాకివచ్చు గోధుమవన్నె పురుగులును కనబడిన ఇండ్లు మన గ్రామములలో తక్కువ కావు. అప్పటి నష్టము పదిహేను కిలోల పెసల వెల మాత్రమే కాదు. మాగాణిలో అపరాల విత్తనమును వరి కోతకు రెండు మూడు దినములు ముందుగా, నేలలో పదను ఉండగనే చల్లవలెను. ఆ పదను ఎవరికొఱకును నిలువదు. క్రొత్త విత్తనమునకై పట్టణమునకు పరుగెత్తి తెచ్చునప్పటికి నేల ఆరిపోవును. రెండవ పంటయే తప్పిపోవును. కుండలోని పురుగు తిన్నది పెసలను గాదు, ఆ ఇంటి రెండవ పంటను.

ఈ కుండను కాపాడుటకు సుగంధ తైలములు ఎంతవరకు ఉపకరించును, ఎచ్చట ఉపకరింపవు అను విషయము ఈ పాఠమున వివరింపబడుచున్నది. ‘వేపాకు వేసితిమి, అయినను పుచ్చిపోయినవి’ అని విసిగినవారును, ‘ప్రకృతి మందు సర్వమును హరించును’ అని నమ్మినవారును దీనిని ఓపికతో చదువవలెనని మా కోరిక.

పురుగు ఎచ్చటినుండి వచ్చును?

పెసలను, మినుములను, కందులను, అలసందలను తొలుచు పుచ్చుపురుగు కుండలో పుట్టునది కాదు. చేనిలో కాయ పండునప్పుడే తల్లిపురుగు ఎగిరివచ్చి కాయలపై గ్రుడ్లు పెట్టును. ఆ విధముగా కొన్ని గింజలు కంటికి కనబడని పురుగుతో కళ్లమునకు, కళ్లమునుండి ఇంటికి చేరును. మిగిలినవి ఇంటిలోని పాత సంచుల కుట్లలోనుండియు, నిరుటి గింజలనుండియు వచ్చును.

తల్లిపురుగు గింజపైన తెల్లని చుక్కవలె గ్రుడ్డును అతికించును. పెసరగింజపై ఈ తెల్లచుక్కలను చూడనివారు మనలో ఉండరు. ఇంచుమించు అయిదు దినములకు గ్రుడ్డులోని పిల్లపురుగు బయటికి రాక, గ్రుడ్డు అడుగుననే రంధ్రము చేసి నేరుగా గింజలోనికి దిగును. అది గింజలోపలనే తిని, పెరిగి, రూపు మారును. బయటికి వచ్చుటకు ముందు గింజతొక్కను పలుచని కిటికీవలె మిగిల్చి, పిదప దానిని త్రోసికొని వెలుపలికి వచ్చును. గ్రుడ్డునుండి రెక్కలపురుగు వరకు ఒక నెల, వేడిదినములలో అంతకంటెను తక్కువ. రెక్కలు వచ్చిన పురుగు గింజను తినదు. పది పన్నెండు దినములు బ్రతికి, జతగూడి, గ్రుడ్లు పెట్టి చచ్చును. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను, ఏలయన మన ఉపాయములన్నియు దీనిపై ఆధారపడియున్నవి. తినునది లోపలనున్న పిల్ల, కనబడునది తినని తల్లి.

ఒక చిన్న లెక్క చూడుడు. తల్లిపురుగు ఎనుబది గ్రుడ్లు పెట్టునని అనుకొందము. అందు సగము ఆడవి. నెల గడచునప్పటికి నలుబది ఆడపురుగులు. అవి పెట్టు గ్రుడ్లు 3,200. మరియొక నెలకు అందులో 1,600 ఆడవి. వాని సంతానము 1,28,000. కిలో పెసలలో ఇంచుమించు ఇరువదియైదువేల గింజలుండును. గింజకు ఒక పురుగు చొప్పున లెక్కించినను, ఒక్క తల్లి మూడవతరము అయిదు కిలోల విత్తనమును గుల్లచేయగలదు. లోకమున అన్ని గ్రుడ్లును బ్రతుకవు, నిజమే. కాని కుండలోనికి పోవు తల్లి ఒక్కటియే కాదుగదా.

తక్కిన ధాన్యములను పట్టు పురుగులు వేఱు. బియ్యమునందును జొన్నలయందును కనబడు ముక్కుపురుగు తన పొడవైన ముక్కుతో గింజకు తూటు చేసి, గ్రుడ్డును అందులో పెట్టి, బంకవంటి మూతతో పూడ్చివేయును. వడ్లచిలుక గాదెలోని ధాన్యమున పైపొరలను మాత్రము చెఱచును. నుసిపురుగు పెద్దయైనను పిల్లయైనను గింజను తొలిచి పిండి రాల్చుచునే యుండును. ఎఱ్ఱని పిండిపురుగు నూకలయందు, పిండియందు పెరిగి, పిండికి ఘాటైన చెడువాసన కలిగించును.

గదిలో పెట్టిన బిళ్ల

తైలముల సంగతికి పోవుటకు ముందు, ఇప్పుడు పల్లెలలో జరుగుచున్న ఒక భయంకరమైన పనిని చెప్పక తప్పదు. పురుగు పట్టిన ధాన్యపు సంచులలో అల్యూమినియమ్ ఫాస్ఫైడ్ బిళ్లలను పడవేసి, అదే ఇంటిలో పిల్లలతో నిద్రించువారు కలరు. గాలిలోని తేమ తగిలినంతనే ఈ బిళ్లనుండి ఫాస్ఫీన్ అను విషవాయువు వెలువడును. పెద్ద గిడ్డంగులలో, శిక్షణ పొందినవారు, టార్పాలినులు కప్పి, అంచులను మూసి, దినములతరబడి కావలి పెట్టి ఉపయోగించు మందు ఇది. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు.

దీనికిని లెక్క కలదు. మూడు గ్రాముల ఒక బిళ్లనుండి ఒక గ్రాము ఫాస్ఫీన్ వచ్చును. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న గదిలో ఆ ఒక్క గ్రాము వ్యాపించినచో, గాలి పదిలక్షల పాళ్లకు ఇరువదియైదు పాళ్లకు పైగా విషమగును. అనేక దేశములలో ఎనిమిది గంటలు పనిచేయువారికి చాలకాలముగా విధించుచు వచ్చిన మితి 0.3 పాలు మాత్రమే. అనగా ఒక్క బిళ్లతో ఆ గది గాలి మితికి ఎనుబదిరెట్లు మించును. సంచికి రెండు బిళ్లలు వేయువారు, మూడు సంచులున్న గదిలో ఆరు బిళ్లలు వేయుచున్నారు. గోడకు ఆవలి గది క్షేమమని అనుకొనరాదు. తలుపు సందులనుండియు, పెంకుల క్రిందనుండియు వాయువు ప్రాకును. తలనొప్పి, వాంతి, ఆయాసము కలిగినప్పుడు తిన్నది పడలేదని పొరబడి పడుకొన్నవారు మరల లేవకపోవచ్చును.

2001వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము పది, ఇరువది బిళ్లల గొట్టపు పొట్లములను పూర్తిగా నిషేధించినది. ఈ మందును ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ సంస్థలు, అనుమతి పొందిన పురుగుమందు నిపుణులు తప్ప ఇతరులు వాడరాదు. దుకాణమున విడిగా ఎవరైన ఇచ్చినను పుచ్చుకొనరాదు. ఇంటిలో ఇదివరకే ఉన్నయెడల తడి తగులనీయక వ్యవసాయాధికారికి తెలుపవలెను. నూతిలోను, కాలువలోను పడవేయరాదు.

మరియొక మాట. సరిగా మూయని తావులలో కొద్దికొద్దిగా ఈ వాయువును పట్టించుటచేత, బలహీనమైన పురుగులు చచ్చి, తట్టుకొన్నవి మిగిలి, వాని సంతతియే వ్యాపించుచున్నది. 1972-73లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దేశదేశములలో జరిపించిన పరిశీలనలోనే ఫాస్ఫీనుకు లొంగని పురుగులు బయటపడెను. నుసిపురుగు, పిండిపురుగు ఈ విషయమున మొండివి. కావున విత్తనపు కుండవంటి చిన్న నిలువలకు వేఱు ఉపాయములను వెదకుట మంచిది.

ఆకులో ఉన్నదేమి?

మన పెద్దలు గాదెలలోను, గుమ్ములలోను ధాన్యముతోపాటు వేపాకు, వావిలాకు పొరలుగా వేసెడివారు. కందులకు ఎఱ్ఱమన్ను పట్టించెడివారు. అపరాలలో పిడకల బూడిద కలిపెడివారు. పప్పులకు ఆముదము రాచెడివారు. వసకొమ్ము ముక్కను విత్తనములలో వేయు ఆచారమును కలదు. ఇవన్నియు ఒకే విధముగా పనిచేయునని తలంచుటచేతనే తికమక కలుగుచున్నది. మన్ను, బూడిద గింజల సందులను నింపి పురుగు నడకను ఆపును. దాని ఒంటిపైనున్న మైనపు పూతను గీరి, శరీరములోని తేమను హరించును. ఆకుల పని వేఱు. నూనెల పని వేఱు. నూనెలలోనే మరల రెండు జాతులు కలవు.

ఒక తెల్లని కాగితముపై వేపనూనె చుక్క నొకదానిని, నీలగిరి తైలపు చుక్క నొకదానిని వేసి నీడలో ఉంచుడు. మరునాటికి నీలగిరి చుక్క ఎగిరిపోయి కాగితము శుభ్రముగా ఉండును. వేపనూనె జిడ్డుమరక అట్లే నిలిచియుండును. వేప, కానుగ, ఆముదము, వేరుసెనగ నూనెలు గింజలను గానుగలో ఆడగా వచ్చునవి. ఇవి స్థిరతైలములు. నీలగిరి, నిమ్మగడ్డి, పుదీన, తులసి, వావిలి, వాము, లవంగముల నూనెలు ఆవిరితో తీయబడునవి, ఆవిరియై పోవునవి. ఇవియే సుగంధ తైలములు. అంగడిలో కొన్న సుగంధ తైలమునకు కాగితముపై జిడ్డు మిగిలినచో అందు ఏదో స్థిరతైలము కలిసియున్నదని ఊహింపవచ్చును. పాఠశాల పిల్లలు సైతము చేయదగిన పరీక్ష ఇది.

తైలము తీయు పద్ధతి సారా బట్టీని పోలియుండును. పెద్ద పాత్రలో గడ్డినిగాని, ఆకునుగాని కూరి, అడుగునుండి నీటియావిరిని పంపుదురు. ఆకులోని తైలము ఆవిరితో కలిసి గొట్టముగుండ పోయి, చల్లనీటి తొట్టిలో చల్లారి, నీటితో కూడ పాత్రలోనికి దిగును. నీరు అడుగున, తైలము పైన తేలును. లవంగతైలము మాత్రము నీటికంటె బరువైనది కావున అడుగునకు చేరును. నూరు కిలోల పచ్చి నిమ్మగడ్డికి అరకిలో అటునిటుగా తైలము వచ్చును. 1959లో ఆరంభమై లక్నో కేంద్రముగా పనిచేయుచున్న కేంద్ర ఔషధ సుగంధ మొక్కల సంస్థకు హైదరాబాదు చెంత బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రము కలదు. ఈ పైరులను వేయదలచినవారికి అది మనకు చేరువైన స్థానము.

ప్రతి తైలమునకును దాని గుణమును నిర్ణయించు ముఖ్య పదార్థముండును. నిమ్మగడ్డి తైలములో సిట్రాల్ నూటికి డెబ్బది పాళ్లకు అటునిటుగా ఉండును. నీలగిరిలో సినియోల్, లవంగములో యూజినాల్, వాములో థైమాల్ ముఖ్యములు. ఒకే మొక్కయైనను నేలనుబట్టి, కోసిన ఋతువునుబట్టి, ఆరబెట్టిన తీరునుబట్టి ఈ పాళ్లు మారును. అందుచేతనే ఒక ఇంట పనిచేసిన ఆకు మరియొక ఇంట పనిచేయదు. ఎండలో ఫెళఫెళలాడునట్లు ఎండబెట్టిన వావిలాకులో వాసనయు, దానితోపాటు బలమును చాలవరకు పోవును. ఆకును నీడలోనే ఆరబెట్టవలెను. పచ్చియాకును వేయుట అంతకంటె తప్పు. దాని తేమ గింజకు బూజు పట్టించును.

ఆవిరి పురుగును ఎట్లు చంపును?

పురుగునకు మనవలె ముక్కుతో ఊపిరి లేదు. దాని ప్రక్కలయందు సన్నని శ్వాసరంధ్రములు వరుసగా ఉండును. తైలపు ఆవిరి వానిద్వారా లోనికి పోయి నరముల పనిని చెఱచును. పురుగుల నరములలో ఆక్టోపమిన్ అను పదార్థము వార్తాహరివలె పనిచేయును. యూజినాల్ మొదలగు కొన్ని తైలపదార్థములు ఆ వార్తను తారుమారు చేయును. మనుష్యులయందు ఆక్టోపమినుకు అట్టి ముఖ్యమైన పని లేకపోవుటచేత, పురుగునకు ప్రాణాంతకమైన కొద్దిమోతాదు మనకు అంత హాని చేయదు. మరికొన్ని తైలములు నరముల చివరలనుండు వేరొక ద్రవ్యమును అడ్డగించి, పురుగు కాళ్లు కొట్టుకొని చచ్చునట్లు చేయును. చంపలేని కొద్దిపాటి ఆవిరియు వృథా కాదు. ఆ వాసనకు తల్లిపురుగు గింజను చేరక తొలగిపోవును. చేరినను తక్కువ గ్రుడ్లు పెట్టును.

ఇంతవరకు గుణము. ఇక లోపము చెప్పవలెను, ఏలయన అమ్మువారు దీనిని చెప్పరు. ప్రయోగశాలలో ఒక గాజుసీసాలో పది పురుగులను వేసి, తైలము పూసిన కాగితపు ముక్కను మూతకు అతికించినప్పుడు కొద్ది చుక్కలతోనే ఒక్క దినమున అన్నియు చచ్చును. అదే సీసాను గింజలతో నింపినయెడల, ఆవిరిలో చాలభాగమును గింజలే పీల్చుకొనును. పురుగునకు అందునది కొంచెము. అప్పుడు ఎన్నోరెట్లు తైలము కావలసివచ్చును. వట్టి సీసా లెక్కను గాదెకు వర్తింపజేయుట ఇచ్చటనే తప్పిపోవుచున్నది. మరియు గింజలోపల మూసికొనియున్న పిల్లపురుగునకు రెక్కల పురుగునకు తగిలినంత సులభముగా ఆవిరి తగులదు. ఈ దినము పెద్దపురుగులన్నియు చచ్చినను, పది దినములకు లోపలివి బయటికి వచ్చును. గోనెసంచిపై చిలుకరించిన తైలము అప్పటికి ఎగిరిపోయియుండును. ‘మందు పనిచేయలేదు’ అని మనము దానిని నిందింతుము.

కావున సుగంధ తైలమునకు తగిన స్థానము మూడు షరతులకు లోబడియున్నది. పాత్ర గాలి చొరనిదై యుండవలెను. నిలువ చిన్నదై యుండవలెను. పురుగు పెరిగిన పిదప గాక, నిలువచేయు మొదటి దినముననే వాడవలెను. ఇరువది బస్తాల వడ్లున్న గాదెకు దీనిని ఎవరైన సిఫారసు చేసినచో వారి మాట నమ్మవద్దు. అంత తైలము కొనుటకు అయ్యెడు ఖర్చుతో క్రొత్త గాదెయే కట్టుకొనవచ్చును.

విత్తనపు కుండను సిద్ధపఱచు విధము

మొదటిపని ఎండ. అపరాల విత్తనమున తేమ నూటికి తొమ్మిది పాళ్లకు, వడ్ల విత్తనమున పదమూడు పాళ్లకు మించరాదు. తేమ కొలుచు యంత్రము లేనిచోట, పెసరగింజను పంటిక్రింద పెట్టిన ‘కటుక్కు’మని విరుగవలెను. నొక్కుకొనిపోయినచో ఇంకను ఎండవలెను. తడిసిన గింజకు ఏ తైలము పట్టించినను బూజు ఆగదు.

ఎండిన పెసలలో కంటికి కనబడక దాగియున్న పురుగును చంపుటకు సూర్యుడే చాలును. కళ్లముపై ఎండుగడ్డి పరచి, దానిపై నల్లని ప్లాస్టిక్ పట్టా వేసి, గింజలను రెండు మూడు సెంటీమీటర్ల మందమున పలుచగా నెఱపి, పైన తెల్లని పారదర్శకమైన పట్టాను కప్పి, అంచులపై రాళ్లు పెట్టవలెను. ఫాల్గుణ చైత్రములలో మిట్టమధ్యాహ్నపు ఎండకు ఆ రెండు పట్టాల నడుమ వేడి బయటికంటె చాల హెచ్చును. 57 డిగ్రీల వేడి ఒక గంటసేపు నిలిచినచో గ్రుడ్డు మొదలు రెక్కలపురుగు వరకు అన్నిదశలును చచ్చునని పరిశోధనలలో తేలినది. మధ్యాహ్నము రెండుగంటలు ఉంచిన చాలును. బాగుగా ఎండిన విత్తనము ఈ వేడికి చెడదు. తడివిత్తనము మాత్రము ఉడికిపోవును, జాగ్రత్త. పిమ్మట గింజలను నీడలో పూర్తిగా చల్లార్చి పాత్రకెత్తవలెను. వేడిగింజలను పోసి మూసినయెడల రాత్రి చలికి లోపల చెమ్మ పట్టును.

రెండవపని నూనె పట్టించుట. కిలో విత్తనమునకు అయిదు మిల్లీలీటర్లు, అనగా ఒక చిన్న చెంచాడు వేపనూనెను చేర్చి, ప్రతి గింజకు అంటునట్లు చేతులతో బాగుగా పులుమవలెను. ఇది సుగంధ తైలము కాదని పైన చెప్పియున్నాము. ఇది ఎగిరిపోదు. గింజపై పలుచని పొరగా నిలిచి, తల్లిపురుగు అతికించు గ్రుడ్డునకు గాలి అందకుండ చేసి చంపును. తినుటకు ఉంచుకొను పప్పులకు వేపనూనె చేదు కావున, వేరుసెనగ నూనెగాని ఆముదముగాని రాయవలెను. పెద్దలు ఆముదము రాచుటలోని కిటుకు ఇదియే. వాసనకు కాదు, జిడ్డుకు.

మూడవపని సుగంధ తైలము. అడుగున నీడనారిన వావిలాకుగాని నీలగిరి ఆకుగాని ఒక పొర పరచి, విత్తనమును పోసి, పైన మరియొక పొర వేయవలెను. తైలము వాడదలచినవారు దానిని గింజలపై పోయరాదు. దూదిని గుడ్డలో మూటగట్టి, తైలపు చుక్కలు వేసి, గింజల నడుమ ఒకటి, పైన ఒకటి ఉంచవలెను. పాత్రమూతిని ప్లాస్టిక్ కాగితముతో బిగించి, ఆపై మూతపెట్టి, సందును మైనముతోగాని మెత్తని మట్టితోగాని పూయవలెను. పాత్ర మట్టికుండ అయినచో లోపల ప్లాస్టిక్ సంచి ఉంచుట అవసరము. మట్టికుండ గోడలనుండి గాలి ఆడును.

ఎన్నిచుక్కలు? ఈ ప్రశ్నకు అందఱికిని సరిపోవు ఒక్క అంకెను చెప్పుట నిజాయితీ కాదు. తైలపు బలము సీసాకు సీసాకు మారును. మన తైలమును మనమే పరీక్షించుకొనవలెను. ఒకే కొలత గల నాలుగు గాజుసీసాలను తీసికొని ముప్పాతికవంతు మంచి పెసలతో నింపుడు. ప్రతిదానిలో పుచ్చిన పెసలనుండి ఏరిన పది బ్రతికిన పురుగులను వేయుడు. మొదటిదానిలో తైలము వేయక, తక్కినవానిలో రెండు, అయిదు, పది చుక్కల దూదిమూటలను వ్రేలాడదీసి బిగించి మూయుడు. మూడుదినములకు చచ్చినవానిని లెక్కించుడు. కదలక పడియున్నవన్నియు చచ్చినవి కావు. ముట్టిన చచ్చినట్లు నటించుట వాని స్వభావము. సూదితో కదలించి కొంచెముసేపు చూడవలెను. తిరిగి మూసి, నెలదినములకు ఎన్ని క్రొత్తపురుగులు పుట్టినవో చూచినగాని పరీక్ష ముగియదు. అన్ని పురుగులును చచ్చి, క్రొత్తవి పుట్టని సీసాలోని చుక్కల పాళ్లే మన డబ్బాకు లెక్క.

అదే సీసాల గింజలతో మొలకశక్తినికూడ చూడవలెను. దీనిని మఱచినవారు పురుగును గెలిచి పంటను ఓడుదురు. సిట్రాల్ మొదలగు పదార్థములు హెచ్చుపాలున ఉన్నయెడల మొలకను అణచును. పురుగు చచ్చినదని సంతోషించి చల్లిన విత్తనము మొలవక పోవచ్చును.

కొన్ని హెచ్చరికలు

వసకొమ్ము నిలువపురుగులపై మిక్కిలి బలమైనది. దాని ఆవిరి తల్లిపురుగులలో గ్రుడ్లు ఎదుగకుండ చేయునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ గుణము అందలి ఆసరోన్ అను పదార్థమునుండి కలుగును. కాని ఆ పదార్థము ఎలుకలకు తినిపించగా రాచపుండు (క్యాన్సర్) కలిగినందున, 1968లో అమెరికా ప్రభుత్వము వసను ఆహారములలో వాడరాదని శాసించెను. కావున వసను విత్తనమునకే గాని తిండిగింజలకు వాడరాదు. వస వేసిన విత్తనము మిగిలినయెడల వండుకొనరాదు. చెట్టునుండి వచ్చినంతమాత్రమున ప్రతిదియు నిరపాయము కాదు. నీలగిరి తైలమును, కర్పూరమును పొరబాటున మ్రింగిన పసిపిల్లలకు మూర్ఛలు వచ్చుట వైద్యులందఱికి తెలిసిన సంగతి. సీసాలను పిల్లలకందని చోట, పేరు వ్రాసి ఉంచవలెను. కొందఱు బట్టలపెట్టెలో వేయు నాఫ్తలిన్ ఉండలను బియ్యములో వేయుచున్నారు. అవి మొక్కనుండి వచ్చునవి కావు, తినుబండారములకు తగినవియు కావు. వెంటనే మానవలెను.

తిండిగింజలకు తైలపు వాసన అంటుననుటయు నిజమే. వాములు, లవంగముల వాసనను నాలుక ఒప్పుకొనునుగాని, నిమ్మగడ్డి వాసన పట్టిన బియ్యపు అన్నమును పిల్లలు ముట్టరు. తిండిగింజలకు ఆకుల పొరయే చాలును. వండుటకు ముందు దినము చెఱిగి గాలికి ఆరబోసిన వాసన చాలవరకు పోవును.

పది పదునైదు కిలోలకు మించి, బస్తాలకొలది అపరాలను నిలువచేయవలసినవారికి మూడుపొరల సంచులు మేలు. లోపల రెండు దళసరి ప్లాస్టిక్ సంచులు, వెలుపల ఒక నేతసంచి ఉండును. 1980వ దశకపు చివర ఆఫ్రికాలోని కామెరూన్ దేశమున, అలసందలను తినివేయుచున్న పుచ్చుపురుగు బాధకు విరుగుడుగా అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు దీనిని రూపొందించిరి. అచ్చటి పురుగు మన పెసరపురుగునకు స్వంత దాయాదియే. ఈ సంచిలో మందేమియు లేదు. బిగించి మూసినపిదప లోపలి పురుగులే ఉన్న ప్రాణవాయువును పీల్చివేసి, ఇక తినలేక, పెరుగలేక చచ్చును. సంచికి సూదిబెజ్జమంత తూటు పడినను ప్రయోజనముండదు కావున, ఎలుకల బెడద ఉన్న ఇండ్లవారు ముందు దానిని చూచుకొనవలెను.

కుండను ఏ విధముగా మూసినను, నెలనెలకు విప్పి చూచు అలవాటు మానవలెను. విప్పిన ప్రతిసారి ఆవిరి పోవును, తేమగాలి చొచ్చును. గాజుమూత లేక తెల్లని ప్లాస్టిక్ డబ్బా అయినచో బయటినుండియే గింజలపై తెల్లచుక్కలను, అడుగున పిండిని కనిపెట్టవచ్చును. అట్టివి కనబడినయెడల మాత్రము వెంటనే విప్పి, మరల రెండుపట్టాల ఎండ చూపి, చల్లార్చి, క్రొత్త ఆకుతో మూయవలెను. ఆశ్వయుజమాసమున, చల్లుటకు ఒక నెల ముందుగా, డబ్బానుండి నూరుగింజలు లెక్కించి తీసి, తడిగుడ్డలో చుట్టి, రోజూ నీరు చిలుకరించుచు అయిదారు దినములు ఉంచవలెను. డెబ్బదియైదుకు తక్కువ మొలచినచో, క్రొత్త విత్తనమునకు తిరుగుటకు అప్పటికింకను వ్యవధి ఉండును.